ఎద్దు ముందటి పల్లిచెక్క

పథ్యం అన్న మాట వినబడితే చాలు, నా కుడికాలి చీలమండ ఇప్పటికీ దురద పెడతది. అక్కడ చుట్టూ నల్లటి మచ్చ ఉన్నది. అది రోగం మచ్చ కాదు, గొలుసు మచ్చ. రోగం పోయి ఇన్నేండ్లయింది గని గొలుసు గుర్తు మాత్రం పోలేదు.

ఇదంతా రాయాలని నాకు లేకుండె. మొన్న మా గల్లీల ఒక ఇంటికి పోయిన. పెండ్లి కావలసిన పిలగాడు, కొలువు ఇడిచిపెట్టి, తలుపేసుకొని మూలకు కూసున్నడు. తల్లి బయటికి వచ్చి, "వానికి మనసు బాగలేదు తాతా. ఎవరో చెప్పిండ్రని పథ్యం పెట్టినం. ఉప్పు లేదు, పప్పు లేదు, గంజి ఒక్కటే" అన్నది. నాకు ఒళ్లు మండి నాలుగు మాటలన్న. వాళ్లు నన్ను ఎనిమిది అన్నరు. "ముసలాయనకు నోరెక్కువ" అనుకుంట తలుపు మూసుకున్నరు. మూసిన తలుపుకు చెప్పలేను గనుక కాగితానికి చెప్తున్న. నేను బడికి పోయినోన్ని కాదు. మా కాలంల మేడ్చల్ల బడి అంటే ఉర్దూ బడి, అది గూడ మా అసోంటోళ్లకు అందలేదు. గానుగ కొట్టం గోడ మీద బొగ్గుతోని తెలుగు అక్షరాలు దిద్దుకున్నోన్ని. తప్పులుంటే దిద్దుకొని చదువుండ్రి, కానీ చదువుండ్రి.

సంగతి పెద్ద లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, నడుస్తున్నప్పటిది. లడాయి మొదలై నాలుగో ఏడు అనుకుంట. మాది మేడ్చల్ల గానుగ ఇల్లు. నువ్వులు, పల్లీలు, ఆముదాలు ఆడి నూనె అమ్మేటోళ్లం. నాయిన, అమ్మ, నేను, నా భార్య లచ్చవ్వ. పెండ్లయి ఏడాదే. ఆమెది శామీర్‌పేట. ఇగ గానుగ తిప్పే ఎద్దు ఉండె, దాని పేరు మైల.

ఆ ఏడు వానకాలంల నాకు కడుపు పోవుడు మొదలైంది. ఇయ్యాల తగ్గుతది, రేపు తగ్గుతది అనుకుంట చూసినం. లడాయి పేరు మీద సర్కారోళ్లు ధాన్యం కొలుచుకొని పోతుండిరి, బియ్యం మొఖం చూసుడు పండుగకే. ఇంట్ల అందరం జొన్నలే. అయితే మిగిలినోళ్ల జొన్నరొట్టె పక్కన పప్పుచారో, చెరువు చేపో, ఏదో ఒకటి ఉంటుండె. నన్ను మాత్రం అమ్మ మందులాయన దగ్గరికి తోలుకపోయింది. ఆయన చెయ్యి పట్టి చూసి, నాలుక చూసి, ఒక్కటే మాట అన్నడు.

"పైత్యం లేచింది. ఉప్పు బంద్. పప్పు బంద్. పాలు, గుడ్డు, నీసు, వాటి పేరు గూడ ఎత్తొద్దు. పల్లి అసలే వద్దు, పైత్యం మీద పల్లి అంటే అగ్గి మీద నూనె. జొన్న గటక వండి సల్లార్చి పెట్టమ్మా. తోడుకు జర మజ్జిగ, ఆకుకూర, అంతే."

గానుగ ఇంట్ల పుట్టినోన్ని పల్లి ముట్టొద్దన్నడు! గోడ అవతల బస్తాలకు బస్తాలు పల్లీలు. ఇల్లంత ఆ వాసనే. నేను మాత్రం సప్పటి గటక ముందట పెట్టుకొని కూసునేటోన్ని. అమ్మకు నా మీద ప్రేమ లేక కాదు. ప్రేమ ఎక్కువై అంత గట్టిగ పట్టింది. గటక గిన్నె వేరే, గంటె వేరే. దాన్ని ఇంకెవరినీ ముట్టనియ్యకపోతుండె.

కడుపు పోవుడు తగ్గలేదు. పైనుంచి నాలుక ఎర్రగ పచ్చిపుండోలె అయింది. అమ్మ అడిగింది.

"ఏడనో పథ్యం చెడగొట్టినవ్. నిజం చెప్పు, ఏం తిన్నవురా?"

"ఏం తినలేదమ్మా."

"తినకుంటే ఎందుకు తగ్గదు?"

ఈ ప్రశ్నకు నేను ఏం జవాబు చెప్పాలె? తగ్గితే పథ్యం మహిమ. తగ్గకుంటే నా దొంగతిండి. మందులాయన దగ్గరికి మళ్లీ పోతే ఆయన ఇంకొకటి తీసేసిండు. మొదలు మజ్జిగ పోయింది, తర్వాత ఆకుకూర పోయింది. నన్ను గుంజకు కట్టేసింది చలికాలంల గని, కట్టుడు మొదలైంది మాత్రం ఆ గటక గిన్నె కాడ్నే.

దసరా పోయినంక ఎండలకు నా చేతులు, మెడ చుట్టూ తోలు నల్లబడి పెచ్చులు లేచింది. పొయ్యి ముందట కూసున్నట్టు మంట. నూనెకు వచ్చేటోళ్లు గిన్నె దూరంనుంచి చాపుడు మొదలుపెట్టిండ్రు. పెద్దరోగం, కుష్టు అని ఒకళ్లన్నరు. తర్వాత గిన్నెలు చాపేటోళ్లు గూడ తక్కువైండ్రు. నాయిన నా దిక్కు చూసుడే మానుకున్నడు. నోటితోని తిడితే బాగుండు అనిపించేది.

అదే దినాలల్ల నా మనసుకు ఏదో అయింది. దీన్ని చెప్పుడు కష్టం. మామూలుగ దిగులంటే ఏదో ఒకదాని మీద ఉంటది, అప్పు మీదనో, చావు మీదనో. నాది దేని మీదా లేదు. పొద్దున కండ్లు తెరిస్తే ముందే వచ్చి ఛాతీ మీద కూసుండేది. ఇంటి కడప దాటాలంటే భయం. లచ్చవ్వ బిందె దించిన చప్పుడుకు ఏడుపు వచ్చేది. ఒకనాడు ఆమె వచ్చి ముందట నిలబడ్డది. ఈమె మా ఇంటి మనిషే అని తెలుస్తున్నది గని, పేరు దొరకలేదు. ఎంత దేవులాడినా దొరకలేదు. ఆమె కొంగు నోట్ల కుక్కుకొని లోపలికి పోయింది. నిద్ర అన్నది లేనే లేదు. గోడ అవతల ఎవరో నా గురించే మాట్లాడుతున్నరు అనిపించేది. నిజానికి మాట్లాడుతనే ఉండిరి లెండి, ఊరంత మాట్లాడింది.

చలికాలంల ఒక పగటిపూట నేను గానుగ పక్క నూనె బాన తన్ని బయటికి పోయిన్నట. నాకు యాదికి లేదు, ఇంటోళ్లు చెప్పిందే రాస్తున్న. టేషను దగ్గర పట్టాల మీద కూసుంటే ఎవరో పట్టుకొచ్చిండ్రు. ఆ పొద్దు నాయిన గొలుసు తెచ్చి, కొట్టంల గుంజకు ఒక కొస, నా కాలికి ఒక కొస కట్టిండు. తాళం వేసుకుంట ఏడ్చిండు. అమ్మ, "మెత్తటి బట్ట చుట్టి కట్టయ్యా, కాలు ఒరుసుకపోతది" అన్నది. వాళ్లను నేను రాక్షసులని రాయను. రాక్షసులైతే తిట్టి ఊకుందును. వాళ్లు నా తల్లీ తండ్రీ. ఎవరిని తిట్టాలె?

కొట్టంల నేనూ మైలా. ఎద్దు గంతలు కట్టుకొని పొద్దంత తిరిగేది. నేను కండ్లు తెరుచుకొని ఒక్కతాననే కూసునేటోన్ని. మేడ్చల్ టేషన్ల మన్మాడు బండి ఆగేది. ఆ దారిల ఎక్కడనో పిచ్చోళ్ల దవఖాన ఉన్నదని, అక్కడ ఇడిచిపెడితే తిండి గూడ సర్కారే పెడ్తదని, నూనెకు వచ్చినాయన ఒకాయన నాయిన చెవుల వేసిపోయిండు. నాయిన "చూద్దాం" అన్నడు. అది నేను విన్న. అప్పటిసంది ఆ బండి కూత వినబడితే నేను గుంజను రెండు చేతులతో పట్టుకునేటోన్ని. అదే గొలుసు, నన్ను కట్టేసిన గొలుసు, గట్టిగున్నదా లేదా అని చూసుకునేటోన్ని.

శివరాత్రి దగ్గర పడుతున్నది. కొత్త పల్లీలు ఆడుతున్నరు. పల్లీలు ఆడి నూనె తీసినంక మిగిలే పిప్పిని చెక్క అంటం, పశువుల దాణా అది. లచ్చవ్వ మైల తొట్టిల కుడితి పోసి, పక్కన పల్లిచెక్క పలుకులు వేసి పోయేది. ఆ పొద్దు అది ఇంకా వెచ్చగ ఉన్నది. ఆ వాసనకు నా నోట్ల నీళ్లూరినయి. ఎన్ని నెలలకు ఊరినయో! గొలుసు ఎంత దూరం వస్తే అంత దూరం పాక్కుంట పోయి చెయ్యి చాపిన. మైల నన్ను పొడువలేదు. మూతి జర పక్కకు తీసుకున్నది. ఆ దినాలల్ల నాకు జాగ ఇచ్చింది ఆ ఎద్దు ఒక్కటే.

నాలుక భగ్గుమన్నది. అయినా నమిలి మింగిన. ఇంకొక పలుకు తిన్న. అప్పటిసంది రోజూ తిన్న.

కొన్ని దినాలకు అమ్మ చూసింది. నేను తొట్టి కాడ వంగి, మైల పక్కన మూతి పెట్టినట్టు ఆమెకు కనబడ్డదేమో. చేతిల చేట కింద పడేసి బొబ్బ పెట్టింది.

"అయ్యో దేవుడా! నా కొడుకు పశువైపాయె! ఎద్దు తిండి తింటున్నడయ్యా, ఎద్దు తిండి!"

నాయిన వచ్చిండు, చూసిండు, గోడకు ఒరిగి కూలబడ్డడు. నేను ఏడ్చినప్పుడు ఆశ ఇడవనోడు, పట్టాల మీద దొరికినప్పుడు ఇడవనోడు, అప్పుడు ఇడిచిండు. "ఇగ ఇంట్ల పెట్టుకునేది కాదు. పంపుదాం" అన్నడు. అమ్మ దేవరయాంజాల్ రాముడికి మొక్కుకున్నది. మొక్కుకొని, తొట్టిని నాకు అందనంత దూరం జరిపింది. నాకు మందైనదాన్నే పిచ్చికి సాక్ష్యం చేసి పక్కకు గుంజిండ్రు. తలుచుకుంటే ఇప్పటికీ కలం గట్టిగ నొక్కుతున్న, కాగితం చిరుగుతది.

ఆ మరునాడు లచ్చవ్వ ఊడ్వడానికి వచ్చినట్టు వచ్చి నా పక్కన కూసున్నది. కొంగు ముడి విప్పింది. అండ్ల పల్లిచెక్క.

"నిన్న నిద్రపోయినవ్," అన్నది.

"అవును."

"మొన్న గూడ పోయినవ్. అవతలిమొన్న, 'లచ్చీ, మైలకు నీళ్లు వెట్టినవా' అని అడిగినవ్. ఎరుకనా నీకు?"

నాకు ఎరుక లేదు.

"నా పేరు తీసి ఎన్నొద్దులాయె నువ్వు! గిది తినవట్టినంకనే. నేను చూస్తనే ఉన్న. జల్దీ తిను. మీ అమ్మ చూస్తే నన్ను గూడ నీ పక్క గుంజకే కడ్తది."

ఎన్నో నెలల తర్వాత నేను నవ్విన. పెదవులు పగిలి రక్తం వచ్చింది.

పిచ్చోళ్ల దవఖానకు పంపాలంటే ముందు ఒక డాక్టరు చూసి ఔనని చెప్పాలెనట. అందుకని నన్ను ఎడ్లబండిల వేసుకొని సికింద్రాబాదు దిక్కు ఒక మిషన్ దవఖానకు తీసుకపోయిండ్రు. నాయిన, అమ్మ, లచ్చవ్వ, ముగ్గురూ వచ్చిండ్రు. వరండాల బల్లలు వేసి ఉన్నయి, మస్తుమంది జనం. నా చేతులు, నా మెడ చూసి బల్ల మీదోళ్లు ఒక్కొక్కరే లేచి పోయిండ్రు. ఒక్క ఆమె లేవలేదు. యాప్రాల్ నుంచి తల్లిని తెచ్చిన కిరస్తానీ ఆమె. మా అమ్మ మొహమాటపడి, "జర దూరం కూసో అక్కా, ఏం రోగమో ఏమో" అన్నది. ఆమె, "మా అమ్మకు కండ్లు కానరావు, నాకు నడుము లేవదు. ఇద్దరం గిక్కడ్నే బాగున్నం" అన్నది. తన తల్లి భుజం మీది గొంగడి కొస తీసి, ఎండ పడుతున్న నా చేతుల మీద కప్పింది. ఆమె పేరు మేం అడుగలేదు. ఇంతకాలమైనా ఆ పని మరువలేదు.

లోపల డాక్టరమ్మ మన మనిషే, తెలుగే మాట్లాడింది. నా చేతులు తిప్పి చూసింది, నాలుక చూసింది. "ఏం తింటడు?" అని అడిగింది.

అమ్మ గర్వంగ చెప్పింది. "పథ్యమమ్మా. ఒక్క మెతుకు చెడలేదు. దసరా సంది ఉప్పులేని జొన్న గటక తప్ప నోట్ల ఏం పెట్టలేదు."

డాక్టరమ్మ చేతిల కలం కింద పెట్టింది. "ఇంకేం తినలేదా? ఏదీ తినలేదా?"

నాయిన తల దించుకున్నడు. అమ్మ కండ్లు తుడుచుకున్నది. ఇంటి పరువు పోయే మాట ఎవరు చెప్తరు? మూలకు నిలబడ్డ లచ్చవ్వ చెప్పింది.

"ఎద్దుకు వేసిన పల్లిచెక్క తింటడమ్మా. అది తినవట్టిన కాడ్నుంచి నిద్ర పోతున్నడు."

"ఎవరు పెట్టమన్నరు?"

"ఎవరు పెట్టమనలేదు. అత్త చూడకుండ నేనే పెట్టిన."

అమ్మ ఆమె దిక్కు చూసిన చూపు నేను మరువను. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. "ఈయనకు పిచ్చి లేదు. ఉత్త జొన్నల మీద బతికే ఊర్ల నుంచి ఇట్లాంటోళ్లు నా దగ్గరికి వస్తనే ఉంటరు. కడుపు పోవుడు, తోలు నల్లబడుడు, మతి చెదురుడు, ఈ మూడూ ఒక్క రోగమే. సరైన తిండి లేక వచ్చిన రోగానికి మీరు ఉన్న తిండి గూడ బంద్ పెట్టిండ్రు" అన్నది. గోలీలు ఇచ్చింది. పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూర, దొరికితే కార్జం పెట్టుమన్నది. "పల్లీలు ఇంట్లనే ఉన్నయి గద, ఎద్దుతోని పంచుకునే బాధెందుకు?" అన్నది. ఆ రోగానికి పెల్లాగ్రా అని పేరున్నదని నేను ఎన్నో ఏండ్లకు ఒక పుస్తకంల చదువుకున్న.

ఒక మాట ఇక్కడ చెప్పాలె. ప్రతి దిగులుకూ తిండే మందు అని నేను అనను. మా గల్లీ పిలగానిది ఏం బాధనో నాకు తెల్వదు, డాక్టరుకు చూపెట్టుండ్రి. కానీ మనసు బాగలేనోని ముందట కంచం ఖాళీ చేయకుండ్రి. మనసు గూడ ఆ కంచంలకెల్లే తింటది.

మా కథ అక్కడితోని అయిపోయిందనుకుంటున్నరా? కాలేదు. ఇంటికి వచ్చినంక నన్ను మళ్ల అదే గుంజకు కట్టిండ్రు.

తిండి పెట్టిండ్రు. భయం భయంగ పెట్టిండ్రు. పప్పు ఉడికింది, గుడ్డు వచ్చింది. అమ్మ ఉప్పు మాత్రం వేయలేదు. "డాక్టరమ్మ ఉప్పు పేరు తీయలేదు గద" అన్నది. గొలుసు సంగతి అడిగితే నాయిన, "ఉగాది దాక చూద్దాం" అన్నడు. "మల్ల పట్టాల మీదికి పోతే?" అన్నడు. దినం దినం నా తోలు మంచిగైతున్నది, నిద్ర వస్తున్నది, ఛాతీ మీది బరువు లేచిపోయింది. అది లేచిపోయినంక గొలుసు బరువు తెలిసింది. మతి లేనప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. మతి వచ్చినంక కండ్లు తెరిస్తే అదే కనబడుతున్నది.

"ఇప్పుండ్రి, నేను మంచిగైన" అని అరిచేటోన్ని. "చూసినవా, ఇంకా దిగలేదు" అనేటోళ్లు. మెల్లగ చెప్తే, "ఈ పూట నయమున్నడు" అనేటోళ్లు. గట్టిగ చెప్తే, "ఎక్కింది" అనేటోళ్లు. గొలుసు విప్పమనుడే పిచ్చికి గుర్తైపోయింది. అసలు సిసలు పిచ్చి నాకు ఆ దినాలల్లనే పట్టాలె. ఎట్ల పట్టలేదో నాకే తెల్వదు.

ఉగాది ముందట ఒకనాడు పొద్దున్నే లచ్చవ్వ వచ్చింది. మొఖం గుంజుకపోయి ఉన్నది.

"మా నాయిన వస్తున్నడు శామీర్‌పేట నుంచి. నన్ను తోలుకపోతడట. మల్ల పంపడట."

నేను నోరు తెరిచిన. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇను. నేను పోతే నిన్ను చూసేటోళ్లు లేరని మీ నాయిన నిన్ను బండెక్కిస్తడు. ఇయ్యాల నువ్వు ఒర్లి అరిస్తే నేను శామీర్‌పేటల ఉంట, నువ్వు మన్మాడు బండిల ఉంటవ్. మా నాయిన నిన్ను ఏమన్నా అననియ్యి. నువ్వు బువ్వ తిను. గంతే."

మా మామ, లచ్చవ్వ నాయిన, వచ్చిండు. పెద్ద మీసాలు, పెద్ద గొంతు. లచ్చవ్వ ఆయనకు ఇంట్ల పీట వేయలేదు, కొట్టంల వేసింది. నా ముందట ఒక కంచం, ఆయన ముందట ఒక కంచం. జొన్నరొట్టె, పప్పు, దాని పక్కన పల్లిచెక్క దంచి ఉల్లిగడ్డ, మిరపకాయ వేసి వేయించిన కూర. మా అమ్మా నాయినా దర్వాజ కాడ నిలబడ్డరు. మైల అవతల నెమరు వేస్తున్నది.

"ఏందిది బిడ్డా?" అన్నడు మామ.

"పల్లిచెక్క కూర."

"ఎద్దుకు పెట్టేది నాకు పెడ్తున్నవా?"

"నా మొగనికి ఇదే పెట్టిన నాయినా. ఇది తిన్నడనే గద పిచ్చోడన్నరు. నువ్వు గూడ తిని చెప్పు."

మామ నా దిక్కు తిరిగిండు. "ఏందల్లుడా, గుంజతోని దోస్తీ మంచిగున్నదా? మీ ఎద్దన్న ఏమంటున్నడు?"

నా లోపల ఎన్ని మాటలు లేచినయో ఆ మైలకే తెల్సు. మీ బిడ్డను అడుగు, డాక్టరమ్మను అడుగు, నా కాలు చూడు, నీ మీసాలు కాలబెట్ట! అన్నీ నాలుక కొసకు వచ్చినయి. ఆ నాలుక అప్పుడే మానుతున్నది. రొట్టె తుంచిన. కూర అద్దుకున్న. నోట్ల పెట్టుకొని నమిలిన. ఏడువలేదు, అరువలేదు.

"మాట్లాడడేంది?" అన్నడు మామ.

"తింటున్న మామా," అన్న. "నువ్వు గూడ తిను. సల్లారుతది."

అంతే అన్న. నా బతుకుల నేను నోరు అదుపుల పెట్టుకున్నది ఆ ఒక్క పూటనే. ఆ తర్వాత ఏ అధికారి ముందటా పెట్టుకోలేదు, ఏ పెద్దమనిషి ముందటా పెట్టుకోలేదు. మా గల్లీల ఇది తెల్వనోళ్లు లేరు.

మామ కంచం దగ్గరికి జరుపుకున్నడు. నేను ఇంకో తుంచు తుంచిన. ఆయన మెల్లగ రొట్టె తుంచి, కూరల అద్ది, నోట్ల పెట్టుకున్నడు. నమిలిండు. లచ్చవ్వ చెంబు పట్టుకొని గుంజ పక్కన నిలబడ్డది.

"ఉప్పు లేదు," అన్నడు మామ.

అమ్మ నాయిన దిక్కు చూసింది.

"కూర మంచిగున్నది. ఉప్పే లేదు." ఇంకొక ముక్క తిన్నడు. అప్పుడు నా కాలు చూసిండు. "బావా, బువ్వ తినేటోన్ని కట్టేస్తరా? మనిషి కూసున్నట్టు కూసోనియ్యరాదు? ఇప్పు దాన్ని."

నాయిన మొలతాడుకున్న తాళంచెవి తీసిండు. తీసి అట్లనే పట్టుకొని నిలబడ్డడు. లచ్చవ్వ చెంబు కింద పెట్టి, ఆయన చేతిల నుంచి తాళంచెవి తీసుకొని తిప్పింది. గొలుసు గడ్డి మీద పడ్డది. నేను కాలు వెంటనే కదిలించలేదు, అది నాదే అని నమ్మకం కలగలేదు.

అమ్మ లోపలికి పోయింది. ఉప్పు గురిగి తెచ్చింది. వంగి మామ కంచంల చిటికెడు వేసింది. లేవబోయి ఆగింది. గురిగిల చెయ్యి అట్లనే ఉంచి, కొంచెంసేపు నా కంచం దిక్కు చూసింది. చూసి, ఇంకో చిటికెడు తీసి నా కూరల వేసి, చిన్నప్పుడు కలిపినట్టు తన వేళ్లతోని కలిపింది.